చెట్టు తీసిన చోటు

ఇంటి పెరటిలోని పెద్దచెట్టును తీసివేయవలసి వచ్చినప్పుడు మన గృహస్థులు పడు మనస్తాపము సామాన్యమైనది కాదు. తాతలనాడు నాటినదనియు, దాని నీడలో పెండ్లిపందిళ్లు వెలసినవనియు, దాని కాయలతో ఏటేట ఊరగాయ జాడీలు నిండినవనియు తలచుకొని, పెద్దలతో ఆలోచించి, మంచిరోజు చూచి, మ్రానికి పసుపుకుంకుమలు పెట్టి నమస్కరించిన పిమ్మటనే గొడ్డలి వేయించువారు నేటికిని కలరు. ఆ భావము పూజ్యమైనది. కాని చెట్టు నేలకొరగిన మరునాటినుండి జరుగుచున్నదానిని చూడగా, ఆ శ్రద్ధ యంతయు చెట్టుతోనే వెడలిపోవుచున్నట్లు తోచును. కలపను అడితివారు తోలుకొనిపోవుదురు; కొమ్మలు పొయ్యిలోనికి పోవును; మొద్దు చుట్టునున్న మట్టిని ఇటునటు సర్ది, వారము తిరుగకుండ సిమెంటు పోయుటయో, పలకలు పరచుటయో, లేక కంటికి వెంటనే పచ్చగా కనబడవలెనని నర్సరీనుండి తెచ్చిన నిలువెత్తు మొక్కను ఆ గోతిలోనే పాతుటయో జరుగుచున్నది. చెట్టును తీయుట ఒక దినపు పని. తీసిన చోటును మరల తోటగా చేయుట మూడేండ్ల పని. ఈ రెండవ పనికి సిద్ధపడనివారికి మొదటి పని చేయుటకు అధికారము లేదని నా నిశ్చితాభిప్రాయము. ఈ మాట గృహస్థునకు ఎంత వర్తించునో పురపాలక సంఘములకును అంతయే వర్తించును.

విశాఖపట్టణపు అనుభవము దీనికి పెద్ద సాక్ష్యము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు వేగముతో ఆ నగరమువద్దనే తీరము దాటినప్పుడు, దశాబ్దముల తరబడి పెరిగి వీథులకు గొడుగు పట్టిన తురాయిలు, పచ్చతురాయిలు, నిద్రగన్నేళ్లు వేళ్లతో సహా పెకలింపబడి, విద్యుత్ స్తంభములను తమతో ఈడ్చుకొని పడిపోయినవి. విశ్వవిద్యాలయ ప్రాంగణములోని తోపులు పలుచబడినవి. కైలాసగిరియు, కంబాలకొండయు ఆకురాలి, కాల్చివేసినట్లు గోధుమరంగు దాల్చినవి. ఆ దృశ్యమును కన్నులార చూచిన నగరవాసులు, పోయిన పచ్చదనమును తిరిగి తెచ్చుకొనవలెనని ఆరాటపడుట మిక్కిలి సహజము. ప్రభుత్వము, పరిశ్రమలు, విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థలు అందరును చేయి కలిపి మొక్కలు నాటిరి. ఆ ఉత్సాహమును తక్కువచేసి మాటాడుట నా ఉద్దేశము కాదు.

అయినను ఆ నాటుటలో తొందర యొకటి ప్రవేశించినది. త్వరగా పెరుగును, నిటారుగా లేచును, పశువులు ముట్టవు అను మూడు సుగుణములు చూచి, ఏడాకులపాలను వీథివెంబడి వీథిగా వరుసలు తీర్చి నాటిరి. నిజమునకు ఏడాకులపాల పరదేశపు చెట్టు కాదు. సప్తపర్ణియని మన ప్రాచీనులు ఎరిగినదియే. దాని బెరడు వైద్యములో వాడుకయందున్నది. విశ్వభారతి పట్టభద్రులకు ఈ చెట్టు ఆకులనే ఇచ్చుట ఆచారము. కాని అడవిలో నూరు జాతుల నడుమ ఎడమెడముగా నిలిచి పూచు చెట్టు వేరు. మేడల కిటికీలకు ఆనుకొని, ఒకే వీథిలో పదుల సంఖ్యలో ఒకేసారి పూచు చెట్టు వేరు. శరత్కాలము వచ్చుసరికి రాత్రివేళ ఆ పూల ఘాటు వాసనకు తల దిమ్మెక్కుచున్నదనియు, ఉబ్బసము గలవారికి ఊపిరాడుట కష్టమగుచున్నదనియు నగరవాసులు మొరపెట్టుకొనసాగిరి. తుఫాను పడగొట్టిన చెట్లకు బదులుగా తెచ్చిన చెట్లనే తొలగించవలెనని కోరవలసివచ్చిన ఆ దుఃస్థితికి కారణము చెట్టు కాదు. ఏ చోట, ఎన్ని, వేటి నడుమ నాటవలెనను విచారణ లేకపోవుటయే కారణము.

కోనోకార్పస్ కథయు ఇట్టిదే. సముద్రతీరపు ఉప్పునేలలలో పుట్టిన ఆ మొక్క ఏ మట్టిలోనైన బ్రతుకును, ఏడాది పొడుగునను పచ్చగా నుండును, కత్తిరించినకొలది దట్టముగా గుబురు కట్టును. ఆ కారణముచేతనే రెండు తెలుగు రాష్ట్రములలోను రహదారుల నడిమి గట్టులమీద, కార్యాలయముల ప్రహరీల వెంట దానిని లెక్కకు మిక్కిలిగా నాటిరి. పిమ్మట దాని పుప్పొడివలన శ్వాసబాధలు కలుగుచున్నవనియు, దాని వేళ్లు భూమిలోని గొట్టములను చెరచుచున్నవనియు ఆక్షేపణలు వచ్చినవి. తెలంగాణలో దీనిని నాటవద్దనిరి. 2023లో గుజరాత్ ప్రభుత్వము దానిని నిషేధించినది. ఆ ఆక్షేపణలలో ఎన్నిపాళ్లు నిజమో వృక్షశాస్త్రజ్ఞులు తేల్చవలసియున్నది. ఆ వివాదములో నేను దిగను. నా బాధ వేరు. ఒక వేపయో, నేరేడో, మేడియో కూలిన చోట నిలిచిన ఈ మొక్క గోరువంకకు పండు నీయదు, కోయిలకు పండు నీయదు, బాటసారికి గొడుగువంటి నీడ నీయదు. పోయిన చెట్టు చేయుచున్న పనులలో ఏ యొక్కదానినైనను ఇది చేయుచున్నదా యని ఎవరును అడిగినట్లు లేదు. పచ్చగా నున్నదా యని మాత్రమే చూచినారు.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడితోటలను నేలమట్టము చేసినప్పటి కష్టము ఇంతకంటె గాఢమైనది. అచ్చట చెట్టు అనగా అలంకారము కాదు, కుటుంబపు కూడు. దేశవాళీ కొబ్బరి నాటిన ఆరేడేండ్లకు గాని గెల వేయదు. కూలిన చెట్టున కింతయని ఒక్కసారి చేతిలో పెట్టు పరిహారము, మ్రాకులను తొలగించుటకు, గోతులు పూడ్చుటకు, క్రొత్త మొక్కలకు చాలునేమో గాని ఆ ఆరేడేండ్ల ఆకలికి చాలదు. కావున తోటను పునరుద్ధరించుట అనగా మొక్కలు పంచిపెట్టుట కాదనియు, తోట మరల ఫలించువరకు నడుమనున్న కాలమును నిలబెట్టుట యనియు ఏలినవారు గ్రహింపవలసియున్నది. కొబ్బరి మొక్కల నడుమ అరటి, కంద, పసుపు, కూరగాయలు వేసికొనుటకు నీరు, విత్తనము, పెట్టుబడి సమకూర్చినచో ఆ నడిమికాలము కొంత గడచును.

ఇక ఇంటి పెరటికి వత్తము. చెట్టు ఏల పోయినది అను ప్రశ్నకు సమాధానము దొరకకముందు దాని చోట మరియొకటి నాటరాదు. మా వీథిలో ఒక మామ్మగారి పెరటిలోని బంగినపల్లి మామిడి క్రమక్రమముగా కొమ్మకొమ్మే యెండి, తుదకు మోడుగా నిలిచినది. వేసవిలో నీరు చాలక పోయినదని ఇంటిల్లిపాదియు అనుకొనిరి. కొట్టుటకు వచ్చిన పనివాడు గునపముతో మొదలు చుట్టును పెళ్లగించి, బెరడు లేపి చూపి, “ఇది ఎండకు పోలేదండి మామ్మగారూ, పురుగు తొలిచేసిందండి, ఈ పొట్టు చూడండి” అన్నాడు. నిజముగనే కాండములో వ్రేలు పట్టునంత సొరంగములు, వాటినిండ రంపపుపొట్టువంటి పదార్థము, ఒక సొరంగపు చివర బొటనవ్రేలంత లావున లేతపసుపు వన్నె పురుగు కానవచ్చినవి. అంతట ప్రక్కింటివారు తమ మామిడిని పరీక్షించుకొనగా దాని మొదటను అదే పొట్టు రాలియుండెను. వారు ఇనుపతీగను రంధ్రములోనికి చొప్పించి పురుగును లాగివేసి, మందులో తడిపిన దూదిని కూరి, తడిమట్టితో మెత్తిరి. ఆ చెట్టు దక్కినది. మొద్దును పెకలించి చూడక పైపైన నరికి సిమెంటు కప్పియుండినచో ఆ రెండవ మామిడియు పోయెడిదే.

కోనసీమ కొబ్బరిరైతునకు ఈ విచారణ ప్రాణప్రదమైనది. మ్రాను అడుగుభాగమున ముదురెరుపు జిగురు కారుచు, మొదట పుట్టగొడుగు చిప్పలవలె లేచినచో అది గానోడెర్మా తెగులు. తంజావూరు తెగులు అనియు దీనినే అందురు. ఆ శిలీంధ్రము చెట్టును చంపి ఊరకుండదు. వేళ్లనంటి, మట్టినంటి, ప్రక్క చెట్టునకు పాకును. అందుచేత అట్టి చెట్టును నరికి మొద్దును నేలలో వదలుట ప్రమాదకరము. మొద్దును, దొరికినన్ని వేళ్లను త్రవ్వితీసి కాల్చివేయవలెను; ఆ చోటు చుట్టు మీటరు లోతున కందకము తీసి, ఆరోగ్యముగానున్న చెట్లనుండి దానిని వేరుపరుపవలెను; మిగిలిన చెట్లకు ఏటా చెట్టుకు 5 కిలోల వేపపిండిలో ట్రైకోడెర్మా విరిడి కలిపి వేయవలెను. ఈ పద్ధతులు అంబాజీపేట కొబ్బరి పరిశోధనస్థానము ఉన్న ప్రాంతమున రైతులకు తెలియనివి కావు. కాని పట్టణమున ఇంటి ముందర రెండు కొబ్బరిచెట్లు గల ఉద్యోగికి తెలియవు. అతడు చచ్చిన చెట్టు గోతిలోనే క్రొత్త మొక్క పెట్టి, మూడేండ్లు నీరు పోసి, నాల్గవ యేట ఏమైనదో యని విచారించుచుండును.

ఇదే సందర్భమున, తీయనక్కరలేని చెట్టును తీయుటను గూర్చియు ఒక మాట. 2021–22 చలికాలమున తెలుగునాట వేపచెట్లు చివుళ్లనుండి మాడి, చచ్చినవాని వలె కనబడినవి. భయపడి నరికించినవారు కలరు. ఓర్పు పట్టినవారి చెట్లలో పెక్కు ఎండకాలము రాగానే మరల చిగిర్చినవి. శిలీంధ్రము కొమ్మల కొనలను మాత్రమే చెరచినది గాని మ్రాను పచ్చిగనే యున్నది; గోటితో బెరడు గీరి చూచిన ఆ పచ్చదనము తెలిసెడిది.

చెట్టు తీసిన నేల ఎట్టిదో చాలమందికి తెలియదు. ముప్పది నలువదియేండ్లు ఒకే చెట్టు సారము పీల్చిన నేల అది. వేరు క్రుళ్లుచున్నకొలది లోపల గుల్లయగు నేల. ఒకటి రెండు వానకాలములు గడచువరకు అచ్చటచ్చట క్రుంగుచుండు నేల. నల్లరేగడియైనచో, ఇన్నాళ్లు చెట్టు త్రాగుచుండిన నీరు ఇప్పుడు మట్టిలోనే నిలిచి, ఆ మట్టి ఉబ్బి, ప్రక్కగోడలు బీటలువారుటయు కలదు. ఇట్టి చోట వెంటనే పలకలు పరచినవారు ఏడాది తిరుగకుండ వాటిని లేపి మరల పరపించుకొనుట అందరును ఎరిగినదే. మొద్దు త్వరగా చావవలెనని ఉప్పు పోయువారును, యాసిడ్ పోయువారును కలరు. అంతకంటె ఘోరము లేదు. ఆ ఉప్పు మొద్దును చంపినను చంపకున్నను మట్టి రేణువుల పొందికను మాత్రము తప్పక చెరచును. అటుపిమ్మట ఆ చోట గడ్డిపోచ మొలచుటకును కాలము పట్టును. మొద్దును త్రవ్వి తీయుట ఖర్చైన పనియే. తీయలేనిచో నేలమట్టమునకు దిగువగా కోసి, పిలకలు వచ్చినప్పుడెల్ల విరుచుచు, పైన మట్టియు పేడయు కప్పియుంచినచో అది కాలక్రమమున మట్టిలో కలిసిపోవును.

మరియొక పొరపాటు రంపపుపొట్టు విషయమున జరుగుచున్నది. కోత ముగిసిన పిమ్మట పోగుపడిన పొట్టును, చెక్కపేళ్లను మంచి యెరువనుకొని గోతిలో మట్టితో కలిపివేయుదురు. పొట్టులో కర్బనము నత్రజనికి వందలరెట్లు అధికము. దానిని జీర్ణించుకొను సూక్ష్మజీవులకు నత్రజని కావలెను; పొట్టులో అది చాలదు గనుక చుట్టునున్న మట్టిలోనిదానిని అవి లాగుకొనును; క్రొత్తమొక్క ఆకులు పాలిపోయి, ఎదుగక నిలిచిపోవును. ఆ పొట్టునే మట్టిలో కలుపక, నేలమీద పొరగా, మొక్క మొదలునకు జానెడు ఎడముగా పరచినచో తేమను కాపాడును, కలుపును అణచును, రెండు మూడేండ్లలో నెమ్మదిగా ఎరువుగను మారును. ఒకే పదార్థము, ఉంచిన చోటునుబట్టి హితమో అహితమో అగుచున్నది.

ప్రసవించిన తల్లికి పథ్యము ఎట్లో చెట్టు తీసిన నేలకు పచ్చిరొట్ట యట్లు. జనుమో, జీలుగో, పిల్లిపెసరో చల్లి, పూతకు వచ్చుసరికి, అనగా నలువదియైదు దినముల ప్రాంతమున, మట్టిలో కలియద్రొక్కినచో నేలకు నత్రజనియు, జీవమును కలుగును. ఇది నేటి వ్యవసాయశాఖవారు క్రొత్తగా కనిపెట్టినది కాదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున, మెత్తని నేల చెట్లకెల్ల హితమనియు, తోట వేయుటకు ముందు ఆ నేలలో నువ్వులు చల్లి అవి పుష్పించినపిమ్మట అచ్చటనే నలిపివేయవలెననియు, నేలకు చేయవలసిన మొదటి సంస్కారము ఇదియేననియు విధించినాడు. మొక్క నాటుటకంటె ముందు నేలకు సంస్కారము! జ్యోతిషమును, శకునములను, రత్నపరీక్షను చెప్పిన గ్రంథములో ఈ మాట యుండుట నన్ను ఎంతయు ఆకర్షించినది. పదునాలుగు వందల యేండ్లకు పైబడిన ఈ విధిని మనము పాటించుట మాని, గొయ్యి తీసిన గంటలోనే మొక్కను దింపి ఛాయాచిత్రము తీయించుకొనుచున్నాము.

ఆ అధ్యాయములోనే చెట్లకు నడుమ ఇరువది మూరల ఎడము ఉత్తమమనియు, పదునారు మధ్యమమనియు, పండ్రెండునకు తగ్గరాదనియు కలదు. దగ్గరదగ్గరగా నాటిన చెట్లు కొమ్మలు రాచుకొని, వేళ్లు పెనవేసికొని సరిగా ఫలింపవని కారణమును చెప్పబడినది. రెండు వందల గజముల స్థలములో ఇల్లు కట్టుకొన్నవానికి ఇరువది మూరలు ఎచ్చటనుండి వచ్చునని అడుగవచ్చును. రాదు. అందుచేతనే అట్టివాడు మర్రిని, రావిని, తురాయిని కోరరాదు. పారిజాతము, నందివర్ధనము, కరివేప, ఉసిరి, దానిమ్మ, జామ, మారేడు వంటి, తన గోడలకును ప్రక్కవాని గోడలకును ఒదిగియుండు చెట్టును కోరవలెను. స్థలమున్నవాడు వేప, కానుగ, పొగడ, నేరేడు నాటవచ్చును. సముద్రపుగాలి తగులు చోట పొన్నను మించినది అరుదు. తీరమునే పుట్టి, తీరపు గాలికే అలవడిన చెట్టది. పెరుగుట నెమ్మది, నిలుచుట దృఢము. విశాఖ, కాకినాడ, మచిలీపట్టణము వంటి పట్టణములలో వీథిచెట్లను ఎన్నునప్పుడు ఆ నెమ్మదిని దోషముగ నెంచుట మానవలెను.

పాత చెట్టు నిలిచిన గోతిలోనే క్రొత్తది పెట్టకుండ, ఆరేడడుగులు ప్రక్కకు జరిపి పెట్టుట మేలు. గొయ్యి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుల తీసి, పైమట్టిని ఒక ప్రక్కను, లోమట్టిని ఒక ప్రక్కను పోసి, రోహిణీకార్తె యెండలో రెండు మూడు వారములు మాగనిచ్చుట మన పెద్దల పద్ధతి. ఆ యెండకు పురుగును, తెగులును చాలవరకు నశించును. నాటునప్పుడు పైమట్టిలో బాగుగా చివికిన పశువుల యెరువును, వేపపిండిని కలిపి అడుగున వేయవలెను. ఇక మొక్కను ఎన్నుకొనుట. కడియము, కడియపులంకల నర్సరీలలో నిలువెత్తు మొక్కలు వరుసలు తీరి కన్నులపండువుగా నుండును. అచ్చటి రైతుల నేర్పు లోకవిఖ్యాతము. అయినను పెరటికి తెచ్చుకొనువాడు ఎత్తును చూడక వేరును చూడవలెను. చిన్న సంచిలో చిరకాలమున్న మొక్క వేళ్లు చుట్లు చుట్టుకొని పెరిగియుండును; ఆ చుట్టును విప్పక నాటినచో చెట్టు పెరిగినంత కాలమును అది అట్లే బిగిసి, ఏదో యొక గాలివానకు మొదలంట ఒరిగిపోవును. రెండడుగుల మొక్క, వేరు తిన్ననైనది, కొన్ని యేండ్లలోనే ఆరడుగుల ముదురుమొక్కను దాటిపోవుట తోటమాలులందరు ఎరిగిన విషయము. అంటుమొక్కయైనచో అంటు కట్టిన చోటు మట్టికి పైన నుండునట్లు చూడవలెను.

చెట్టు పోయినప్పుడు చెట్టు మాత్రమే పోదు. దాని నీడనే నమ్ముకొనియుండిన కనకాంబరములు, తమలపాకుతీగ, పసుపుదుబ్బు, క్రోటన్లు మొదటి వేసవిలోనే ఆకులు మాడి కృశించును. ఇవి నీటికొరతవలన మాడుచున్నవని భ్రమించి రెండు పూటల నీరు పోసి వేళ్లను క్రుళ్లింపరాదు. వాటికి లేనిది నీడ. తాటాకుల పందిరి యొకటి తాత్కాలికముగ వేయుట ఒక మార్గము. అంతకంటె చక్కనిది తమలపాకు తోటల రైతులది: వారు తీగకు ఊతముగను, నీడగను అవిశెను నాటుదురు, అది ఒక్క యేడాదిలోనే పలుచని నీడ పట్టును, పూవు కూరకు వచ్చును, ఆకు పశువునకు వచ్చును, వేరు నేలకు నత్రజని చేర్చును, అసలు చెట్టు ఎదిగినపిమ్మట దానిని తీసివేయుట సులభము. అరటియు, బొప్పాయియు, మునగయు కొంతవరకు ఈ పని చేయును. ఈ మూడేండ్ల మధ్యకాలమును ఇట్టి అల్పాయుష్కులైన మొక్కలకు ఇచ్చినచో పెరడు ఒక్కనాడును బోడిగ నుండదు, ఇల్లాలికి కూరయు దొరకును.

ఇంత శ్రమ ఎందుకు, ఆకులు రాలి ముంగిలి చిమ్మలేక చచ్చుచున్నాము, వేళ్లు గోడను పగులగొట్టుచున్నవి, తీగలకు కొమ్మలు తగిలి కరెంటు పోవుచున్నది, పట్టణములో జానెడు నేల బంగారముతో సమానము, సిమెంటు పోసికొన్న బండి నిలుపుకొనవచ్చును అని వాదించువారు కలరు. వారి ఇబ్బందులు కల్పితములు కావు. చీపురు పట్టి ప్రతి ఉదయము వాకిలి ఊడ్చునది ఎవరో, మోకాళ్లు నొచ్చుచున్నది ఎవరికో ఎరిగియే వారట్లనుచున్నారు. గోడకు నాలుగడుగుల దూరమున మర్రి నాటినది తాతగారి పొరపాటు కావచ్చును. అట్టి చెట్టును తీయుటలో నేరమేమియు లేదు. కాని ఆ ఇబ్బందులు తప్పు చోట నాటిన తప్పు చెట్టువలన కలిగినవి. చెట్టుండుటవలన కలిగినవి కావు. పెరడంతయు సిమెంటు కప్పినవారి బావిలోనికిగాని బోరులోనికిగాని ఆ పెరటి వాననీరు ఇంకదు. ఏప్రిల్, మే నెలల ఎండకు ఆ సిమెంటు రాత్రి రెండు జాములవరకు సెగలు గ్రక్కును. ఆ సెగను చల్లార్చుటకు కొన్న శీతలయంత్రపు బిల్లును నెలనెల చెల్లించువారు వారే. బండి నిలుపుటకు చోటు కావలసినచో రెండు చక్రములు పోవు మేరకు రాళ్లు పరచి, నడుమ మట్టిని విడుచుటకు అడ్డేమి?

గృహస్థునకు ఇన్ని మాటలు చెప్పినప్పుడు ప్రభుత్వములను విడుచుట న్యాయము కాదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి లేనిదే చెట్టును కొట్టరాదు. రెండు రాష్ట్రములలోను ఈ చట్టము అమలులో నున్నది. చట్టము మంచిదే. దాని ఆచరణలో దృష్టియంతయు కొట్టుటకు ముందరి దరఖాస్తుమీదను, రుసుముమీదను నిలిచి, కొట్టిన పిమ్మటి నేలమీదికి పోవుటలేదు. రహదారి విస్తరణకు నూరు చెట్లు తీసినప్పుడు, వాటికి బదులు వేయి మొక్కలు నాటితిమని ప్రకటన వెలువడును. ఆ వేయి ఎచ్చట నాటిరి, తీసిన వీథివారికి ఆ నీడ తిరిగి దక్కినదా, రెండవ వేసవికి వాటిలో ఎన్ని మిగిలినవి అను ప్రశ్నలకు జవాబు చెప్పు అధికారి కానరాడు. కాంట్రాక్టు నాటుటతోనే ముగియుచున్నది. నీరు పోయుట ఎవరి పనియు కాదు. ఈ పద్ధతి మారవలెను. చెట్టు తీయుటకు అనుమతి యిచ్చు కాగితములోనే మొద్దు తొలగించుట, నేల బాగుచేయుట, ఏ జాతి మొక్కను ఎంత ఎడమున నాటవలెననుట, మూడేండ్లు పోషించుట చేర్చి వ్రాయవలెను. గుత్తేదారునకు ఇవ్వవలసిన సొమ్ములో సగము మూడవ యేట చెట్టును చూచిన పిమ్మటనే ఇవ్వవలెను. ఒకే జాతిని వీథి పొడుగునను నాటుటను మానవలెను. ఒక తెగులు వచ్చినను, ఒక తుఫాను వచ్చినను వీథియంతయు ఒక్కసారి బోడియగుట అప్పుడు తప్పును.

ఈ వేసవిలో చెట్టు తీయించినవారు, తీయింప నిశ్చయించుకొన్నవారు ఆ చోట సిమెంటు పోయింపవలదని వేడుకొనుచున్నాను. రోహిణిలో గొయ్యి తీసి మాగనిండు; మృగశిర చినుకులతో చుట్టునున్న నేలలో జనుము చల్లి, పూత రాగానే త్రొక్కించుడు; శ్రావణ భాద్రపదములలో మీ నేలకు, మీ స్థలమునకు తగిన మొక్కను నాటి, తుఫానుల కార్తీకము రాకముందే దానికి ఊతకర్ర కట్టుడు; మూడు వేసవులు నీరు మరువకుడు. పురపాలక సంఘములు ఏటేట నాటిన మొక్కల సంఖ్యకు ప్రక్కనే, మూడేండ్ల క్రిందట నాటినవానిలో నేడు బ్రతికియున్నవాని సంఖ్యను వార్డులవారీగా ప్రకటింపవలెను. మీ వార్డు సభ్యుడు ఈసారి మీ గుమ్మము త్రొక్కినప్పుడు ఆ రెండవ సంఖ్యను అడుగుడు.